ఏడో నంబరు దుకాణం

కూతురి పెళ్ళయిన నాలుగేళ్ళలో అత్తగారు అల్లుడి మాటకు ఒక్కసారి కూడా అడ్డు చెప్పలేదు.

ఆమెకు వీధి మలుపులో చిన్న కిరాణా కొట్టు ఉంది. ముప్ఫై ఏళ్ళుగా ఆమే నడుపుతోంది. ఉల్లిపాయలు తెచ్చే వ్యాను డ్రైవరును గానీ, సబ్బుల ఏజెంటును గానీ, ఎంతటివాడినైనా నిలబెట్టి కడిగేయగల మనిషి. అల్లుడు గుమ్మంలో కనిపిస్తే మాత్రం ఆమె గొంతు సగానికి తగ్గిపోయేది. “రండి అల్లుడుగారూ, కూర్చోండి అల్లుడుగారూ” అనేది. ఆ పిలుపు విని విని వీధిలో అందరికీ అతను అల్లుడుగారే అయిపోయాడు. పక్క కొట్టు దర్జీ, పాలాయన, ఆఖరికి ఉత్తరాలు తెచ్చే మనిషి కూడా అలాగే పిలిచేవారు.

ఒకసారి అతను ముచ్చటపడి అత్తగారి కొట్లో గోడకు ఒక చెక్క అర బిగించాడు. అది కాస్త ముందుకు వాలింది. “ఎంత చక్కగా ఉందో అల్లుడుగారూ” అంది ఆమె. ఆ రోజు నుంచి దొర్లని సరుకులు చూసి మరీ దాని మీద పెట్టుకునేది. అతను గమనించలేదు.

అతని పని ఫోన్లలో వాడే యాప్‌లు తయారుచేయడం. ఎనిమిదేళ్ళు ఒక పెద్ద కంపెనీలో విమానం టికెట్ల యాప్ మీద పనిచేసి విసుగెత్తి మానేశాడు. తనతోపాటు ఒక స్నేహితుడినీ మాన్పించాడు. ఆ స్నేహితుడు రోజుకు నాలుగు మాటలకు మించి మాట్లాడడు కాబట్టి అందరూ ముని అనేవారు. ఇద్దరూ కలిసి సైకిళ్ళు బాగుచేసే షాపు పైన ఒక గది అద్దెకు తీసుకున్నారు. చిన్న కిరాణా కొట్ల కోసం ఒక యాప్ చేయాలని వాళ్ళ ఆలోచన. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు ఫోన్లో సరుకులు ఎంచుకుంటే కొట్టువాళ్ళు కట్టి ఉంచుతారు. వచ్చి తీసుకెళ్ళడమో, ఇంటికి పంపించుకోవడమో వాళ్ళిష్టం.

యాప్ ఒక రూపానికి రాగానే అల్లుడు అత్తగారి దగ్గరికే మొదట పరిగెత్తాడు. కౌంటరు మీద ఫోను పెట్టి, ఒక్కొక్క తెరా జరుపుతూ ముప్పావు గంట వివరించాడు. ఆమె ఆ ముప్పావు గంటా తల ఊపుతూనే ఉంది.

“ఎలా ఉందండీ అత్తయ్యగారూ?”

“చాలా బాగుందండీ.”

“మార్చాల్సినవి ఏమైనా ఉన్నాయా?”

“మీకు తెలియందేముంది.”

అతను గదికి తిరిగి వెళ్ళి, “కొట్టువాళ్ళకి తెగ నచ్చింది. మార్చడానికి ఏమీ లేదు” అన్నాడు. ముని అతని వంక చూశాడు.

పది కొట్లు ఎంచుకుని పరీక్షకు ఇచ్చారు. కొట్లన్నీ తిరిగి ఫోన్లలో యాప్ పెట్టే పని మునిది. అందులో ‘మీ మాట’ అని ఒక పేజీ ఉంది. మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే చాలు, ఆ మాటలన్నీ అక్షరాలై వస్తాయి. మొహమాటపడకుండా చెప్పాలని ప్రతి కొట్టుకూ ఒక నంబరు ఇచ్చారు. ఏ నంబరు ఎవరిదో ముని దగ్గర తప్ప ఎక్కడా లేదు. “ఇక్కడ మాట్లాడితే కంపెనీకి పోతుంది. మీ పేరు ఎవరికీ తెలీదు” అని అన్ని కొట్లలోనూ చెప్పాడు. అత్తగారికీ అదే చెప్పాడు. కంపెనీ అంటే ఎక్కడో పది అంతస్తుల మేడ ఉంటుందని, అందులో ఏసీ గదుల్లో కోట్లు వేసుకున్నవాళ్ళు కూర్చుంటారని ఆమె అనుకుంది. నిజానికి కంపెనీ అంటే ఇద్దరు మనుషులు, ఒక ఫ్యాను.

మొదటి వారం తొమ్మిది కొట్ల నుంచి వచ్చినవి మూడే మాటలు. రెండు ‘బాగుంది’లు, ఒక ‘హలో’. ఏడో నంబరు నుంచి మాత్రం ఇది వచ్చింది:

“ఈ యాప్ చేసినవాడెవడో గానీ జన్మలో కొట్టు మెట్లెక్కి ఉండడు. బియ్యం బొమ్మ మీద వేలు పెడితే ఇరవై అయిదు కిలోల బస్తా తప్ప ఇంకోటి రాదు. నా దగ్గర సగం మంది కిలో రెండు కిలోలు కొనేవాళ్ళే. వాళ్ళు బస్తా నెత్తిన పెట్టుకుని మూడో అంతస్తు ఎక్కాలా. ఆ సబ్బు కాదమ్మా దాని పక్కది. పచ్చది. ఆ అదే. ఎక్కడున్నాను. ఆ, బస్తా.”

మర్నాడు ఇంకొకటి: “కొత్త ఆర్డరొస్తే ఫోను అంబులెన్సులా కూస్తుంది. నిన్న ఆ కూతకి ఒక పెద్దాయన చేతిలో గుడ్ల అట్ట వదిలేశాడు. ముప్ఫై గుడ్లు. యాప్ చేసినవాడొచ్చి తుడుస్తాడా.”

ఆ పైన ఇంకొకటి: “సరుకు అయిపోయిందని చెప్పడానికి ఆరు చోట్ల నొక్కాలి. నోటితో అయితే ఒక్క మాట, లేదు అని. పైగా ప్రతి నొక్కుడికీ ధన్యవాదాలు అంటుంది. దీనికి మర్యాద ఎక్కువ, బుద్ధి తక్కువ.”

అల్లుడి మొహం కందగడ్డయింది. “ఎవడీ ఏడో నంబరు? ఒక్కసారి ఆ కొట్టెక్కడో చెప్పు. వెళ్ళి మాట్లాడొస్తాను.”

“మాటిచ్చాను” అన్నాడు ముని. కాసేపాగి, “ఆరు చోట్ల నొక్కాలన్నది నిజం” అని కూడా అన్నాడు. ఆ రోజు కోటా అయిపోయింది.

అల్లుడు ఏడో నంబరు మనిషిని ఊహించుకోవడం మొదలుపెట్టాడు. బుర్రమీసాలు, చెవి వెనక పెన్సిలు, పొట్ట మీద బిగుసుకుపోయిన చొక్కా. ఆ బుర్రమీసాలను తిట్టుకుంటూనే బియ్యానికి కిలో, రెండు కిలోలు, అయిదు కిలోలు పెట్టాడు. అంబులెన్సు కూత తీసేసి చెంచాతో గాజు గ్లాసు తట్టినట్టు ఉండే చప్పుడు పెట్టాడు. ప్రతి సరుకు పక్కనా ‘లేదు’ అని ఒకే మీట పెట్టాడు. ధన్యవాదాలన్నీ ఏరి పారేశాడు. వారం తిరిగేసరికి పది కొట్లలోనూ ఆర్డర్లు రెట్టింపయ్యాయి.

ఆ సంతోషంలో ఒక మధ్యాహ్నం అత్తగారి కొట్టుకు వెళ్ళాడు. సంతోషం పంచుకోవడానికి కొంత, గాయం చూపించుకోవడానికి కొంత.

“మీలాంటివాళ్ళు ఉంటారండీ, ఎంతో నెమ్మదిగా చెప్తారు. ఇంకొకళ్ళున్నారు చూడండి” అని ఫోను తీసి ఏడో నంబరు మాటలన్నీ మొదటి నుంచి చదివి వినిపించాడు. అత్తగారు అప్పుడు ఎవరికోసమో పంచదార తూస్తోంది. బస్తా, మూడో అంతస్తు దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగిపోయింది.

“ఇవి... కంపెనీకి కదండీ పోతాయన్నారు?”

“కంపెనీ అంటే మేమిద్దరమే కదండీ. ప్రతి అక్షరం నేనే చదువుతాను.”

అత్తగారు గరిటెడు పంచదార తీసుకెళ్ళి ఉప్పు డబ్బాలో ఒంపేసింది.

“ఎవరో పాపం, మర్యాద తెలియని మనిషి” అంది త్రాసు వంక చూస్తూ.

ఆ తర్వాత ఏడో నంబరు మూగబోయింది. వారం రోజులు ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఎనిమిదో రోజున ఒక వాక్యం వచ్చింది: “అంతా చాలా బాగుంది, తమరు చాలా శ్రమపడుతున్నారు.”

అల్లుడు కంగారుపడిపోయాడు. “ఇదేంటి, ఆయనకి ఒంట్లో బాగోలేదంటావా?”

ముని కిటికీలోంచి కింద సైకిళ్ళ వైపు చూస్తూ ఉండిపోయాడు.

ఈలోగా అల్లుడు యాప్‌లో తనకు బాగా నచ్చిన ఏర్పాటు ఒకటి చేశాడు. అడిగిన సరుకు కొట్లో లేకపోతే దానికి దగ్గరగా ఉన్న ఇంకో సరుకును యాప్ తనే చూసి కట్టమంటుంది. ఏడో నంబరు ఏమంటుందోనని రోజుకు పదిసార్లు ఆ పేజీ తెరిచి చూశాడు. ఏమీ లేదు. చిన్న కొట్ల సంఘంవాళ్ళు నలభై మంది కూర్చుని యాప్ చూస్తామని పిలిచారు. ఆ సమావేశానికి ఇంకా పది రోజులుంది. తిట్టేవాళ్ళు లేక అతనికి కాళ్ళూ చేతులూ ఆడలేదు.

అలాంటి రోజుల్లోనే ఒక పొద్దున అతను అత్తగారి కొట్లో కూర్చుని ఉండగా పక్క కొట్టు దర్జీ ఒక పసుపుపచ్చ సబ్బు పట్టుకుని వచ్చాడు.

“ఏమ్మా, నేను యాప్‌లో నాలుగు నిమ్మకాయలడిగాను. నిమ్మ సబ్బు కట్టి పంపించారేంటి?”

అత్తగారు అల్లుడి వంక చూడకుండా, “యాప్ అదే కట్టమంది” అంది మెల్లగా.

“అది కట్టమంటే కట్టేయడమేనా? ఇదివరకు ఇలాంటిది చిన్నదొచ్చినా ఆ ఫోను చేత్తో పట్టుకుని దులిపేసేవారు కదా. ఆ బస్తాల మాట, గుడ్ల మాట, అబ్బో. ఇప్పుడు రెండు వారాలై మీ గొంతే వినపడ్డం లేదు. మిషను తొక్కుతుంటే ఏమీ తోచట్లేదు నాకు.” దర్జీ అల్లుడి వైపు తిరిగాడు. “మీరైనా చెప్పండి అల్లుడుగారూ.”

అల్లుడు సబ్బు వంక, అత్తగారి వంక మార్చి మార్చి చూశాడు. బుర్రమీసాలూ పెన్సిలూ బిగుతు చొక్కా అన్నీ ఒక్కొక్కటిగా రాలిపోయి, వాటి వెనకాల నుంచి అత్తగారు బయటికొచ్చింది. ఆమె కౌంటరు మీద లేని దుమ్ము తుడుస్తోంది. చెవులు ఎర్రబడ్డాయి. అతను లేచి, “నిమ్మకాయలు నేను తెచ్చిస్తానండీ” అని దర్జీతో అనేసి అక్కడి నుంచి బయటపడ్డాడు.

అతని భార్య పళ్ళ డాక్టరు. ఆమె మధ్యాహ్నం ఇంటికొచ్చి భోంచేస్తుండగా సంగతంతా చెప్పాడు.

“నాకు తెలుసు” అంది ఆమె. “నువ్వు చదివి వినిపించిన రోజే అమ్మ ఫోన్ చేసింది. అల్లుడుగారు ఏమన్నా కనిపెట్టారా, అన్నం సరిగ్గా తింటున్నారా అని.”

“మరి నాకెందుకు చెప్పలేదు?”

“చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. నా దగ్గరికొచ్చేవాళ్ళూ అంతే. నొప్పుందా అంటే లేదంటారు. నోరు తెరిచి చూస్తే గానీ తెలీదు. నువ్వు అమ్మ చేత నోరు తెరిపించావు, అదీ నీకు తెలియకుండానే. మళ్ళీ నువ్వే మూయించావు.” ఇంకొంచెం పెరుగు వేసుకుంటూ, “ఆ అర కూడా వాలిందిలే. దాని మీద ఏం పెడుతుందో ఎప్పుడైనా చూశావా?” అంది.

ఆ మాట అతన్ని యాప్ కంటే ఎక్కువ బాధపెట్టింది.  సిగ్గు కొంచెం ఉంది. దాని కింద ఇంకొకటి కూడా ఉంది. ఇన్నాళ్ళూ తనను ఇంట్లో మనిషిగా చూశారనుకున్నాడు. ఇంటికొచ్చిన చుట్టంలా చూశారన్నమాట.

మర్నాడు కొట్టుకు వెళ్ళి, అత్తగారికి కాకుండా పప్పుల డబ్బాలకు చెబుతున్నట్టుగా అన్నాడు.

“ఇకమీదట ఆ మాటలు చదవడానికి కంపెనీలో కొత్త మనిషిని పెట్టామండీ. నేనసలు చూడను. ఎవరేమన్నారో నాకు తెలిసే దారే లేదు.”

“అలాగా” అంది అత్తగారు. అతను అబద్ధమాడుతున్నాడని ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసని అతనికీ తెలుసు. ఇద్దరూ ఎంతో గంభీరంగా మొహాలు పెట్టారు.

ఆ సాయంత్రమే ఏడో నంబరు నుంచి మాట వచ్చింది: “యాప్ చేసినవారికి తెలియజేయునది ఏమనగా, నిమ్మకాయకు బదులు సబ్బు ఇచ్చుట కొంచెం ఇబ్బందిగా ఉన్నది. తమరికి వీలైనప్పుడు చూడగలరు.”

అల్లుడు తల పట్టుకున్నాడు. అప్పటిదాకా ఆ పేజీలో జవాబు రాసే వీలు లేదు. గబగబా ఆ వీలు కల్పించి రాశాడు: “కొత్త మనిషిని మాట్లాడుతున్నాను. ఇక్కడ గారూ తమరూ అక్కర్లేదండీ. అలా అయితే నాకు అర్థం కాదు. మునుపటిలాగే చెప్పండి.”

పావుగంట గడిచింది. గాజు గ్లాసు చప్పుడయింది.

“అయితే విను కొత్త మనిషీ. నిమ్మకాయకీ సబ్బుకీ తేడా తెలియనివాడు సరుకు మార్చకూడదు. ఏది లేకపోతే ఏదిస్తే ఊరుకుంటారో కొట్టు మనిషికి తెలుస్తుంది. అది కూడా అడిగి ఇవ్వాలి. నా దగ్గరకొచ్చే నర్సమ్మకి కాఫీ పొడి లేదని టీ పొడి ఇస్తే నా మొహాన కొడుతుంది. ఆ యాప్ చేసినాయనతో చెప్పు. తెలివైనవాడే. కుదురుగా కొట్లో ఒక్క పూట కూర్చోడు.”

అల్లుడు ఆఖరి మూడు వాక్యాలు రెండుసార్లు చదువుకున్నాడు.

అప్పటినుంచి సమావేశం రోజు వరకూ రోజూ అదే వరస. కొట్లో ‘అల్లుడుగారూ’, ‘అత్తయ్యగారూ’. యాప్‌లో కొత్త మనిషికి అక్షింతలు. మధ్యలో అతను ఒక పూట కాదు, మూడు పూటలు కొట్లో కూర్చున్నాడు. సరుకులు కట్టాడు. దారం బిగించబోయి పంచదార పొట్లం చింపేశాడు. “ఫర్వాలేదండీ” అంది అత్తగారు. సాయంత్రం యాప్‌లో, “ఆ యాప్ చేసినాయనకి దారం ఇవ్వకు” అని వచ్చింది.

సమావేశం రోజు పొద్దున హాల్లో ప్లాస్టిక్ కుర్చీల్లో నలభై మంది కొట్ల యజమానులు కూర్చున్నారు. అత్తగారు మూడో వరసలో గోడ పక్కన కూర్చుంది. అల్లుడు తెర మీద బొమ్మలు చూపిస్తూ ఇరవై నిమిషాలు మాట్లాడాడు. అందరూ తలలు ఊపారు. ఆ ఊపుడు అతనికి ఇప్పుడు బాగా తెలుసు. 

ముందు వరసలో నూనె కొట్టాయన చేతులు కట్టుకుని అడిగాడు. “ఇదంతా బాగానే ఉంది బాబూ. కొట్టు నడిపే మనిషెవరైనా దీన్ని వాడి చూశారా? లేక మీరిద్దరే చూసుకున్నారా?”

అల్లుడు నోరు తెరిచేలోపు మూడో వరసలో కుర్చీ కిర్రుమంది.

“నేను వాడాను” అంది అత్తగారు. లేచి కొంగు సర్దుకుంది. “ఈయన మా అల్లుడుగారు. ఆ సంగతి నేనే ముందు చెప్తున్నాను, తర్వాత ఇంకెవరో చెప్తే బాగోదు. మొహమాటానికి బాగుందంటానని మీరనుకోవచ్చు. నాలుగేళ్ళుగా అదే అంటున్నాను కూడా. ఇవాళ అనను.”

ఆ తర్వాత పదకొండు నిమిషాలు ఆమె ఆపలేదు. బస్తా మాట చెప్పింది. గుడ్ల అట్ట దగ్గర హాలంతా నవ్వింది. నిమ్మ సబ్బు దగ్గర నూనె కొట్టాయన కళ్ళు తుడుచుకున్నాడు. ప్రతి తప్పూ చెప్పి, అది ఎన్నాళ్ళకు సరిచేశారో కూడా చెప్పింది. ఎక్కువలో ఎక్కువ మూడు రోజులు. “నేను ముప్ఫై ఏళ్ళుగా సబ్బుల కంపెనీకి చెప్తున్నాను, అట్టపెట్టె అడుగు ఊడిపోతోందని. ఇంతవరకూ ఊడుతూనే ఉంది” అంది. కూర్చోబోయి మళ్ళీ లేచింది.

“ఇంకోటి. భోజనానికి కొట్టు మూస్తాం కదా, ఆ అరగంటా ఇది తెరిచే ఉందని చెప్తుంది. నిన్న నేను ముద్ద నోట్లో పెట్టుకుంటే నాలుగు ఆర్డర్లొచ్చాయి. ఆ మాట ఇంకా చెప్పలేదు. ఇప్పుడే గుర్తొచ్చింది.”

దాంతో హాలు హాలంతా లేచింది. మాకు భోజనం రెండింటికి అని ఒకరు, మేం వంతులేసుకుని తింటాం అని ఒకరు, స్నానానికీ ఒక మీట కావాలని ఒకరు. అరగంట పాటు ఎవరి మాట ఎవరికీ వినపడలేదు. అల్లుడు కింద కూర్చుని కాగితాల మీద కాగితాలు రాసుకున్నాడు. ముని అతనికి కాగితాలు అందిస్తూ, “ఇదే కదా కావాల్సింది” అన్నాడు. ఇరవై రెండు కొట్లు అప్పుడే చేరాయి. మిగతా వాళ్ళు భోజనం మీట వచ్చాక చేరతామన్నారు.

రెండు రోజుల తర్వాత, భోజనం వేళ కొట్టు మూసి, అత్తగారు సైకిల్ షాపు పక్క మెట్లెక్కి గదిలోకి వచ్చింది. పది అంతస్తుల మేడ కోసం వెతుకుతున్నట్టు నాలుగు గోడలూ చూసింది. ఫ్యాను చూసింది. ముని తన కుర్చీ ఖాళీ చేసి ఇచ్చాడు. కొట్టు మూసినప్పుడు ఆర్డరు చేసేవాళ్ళకు ఏమని కనపడాలో తేల్చడానికే ఆమె వచ్చింది.

“ఇప్పుడే వస్తాం అని పెట్టండి” అంది.

“అరగంట పడుతుంది కదా” అన్నాడు ముని.

“అయితే ఏం?”

“అరగంటంటే ఇప్పుడే కాదు కదండీ. అబద్ధమవుతుంది. ‘భోజన విరామం, రెండున్నరకు తెరుస్తాం’ అని పెట్టాలి.” ముని ఒక్క గుక్కలో అంత మాట్లాడటం అల్లుడు ఎన్నడూ వినలేదు.

“విరామమా? కొట్టు భాషేనా అది? రెండున్నర అంటే అప్పుడే వద్దాంలే అని ఇంకో కొట్టుకి పోతారు. ఇప్పుడే అంటే గుమ్మంలో నిలబడతారు.”

ఇద్దరూ అల్లుడి వైపు తిరిగారు. అతను గొంతు సవరించుకున్నాడు. ఈ నాలుగేళ్ళలో అతను కూడా ఆమె మాటకు అడ్డు చెప్పింది లేదు.

“నాకు ముని చెప్పిందే సరిగ్గా ఉందనిపిస్తోంది అత్తయ్యగారూ. వచ్చినవాళ్ళు ఎండలో నిలబడి ఎదురుచూస్తే మళ్ళీ రారు.”

“నువ్వుండు, నీకు తెలీదు” అంది అత్తగారు. “నిలబెట్టి కబుర్లు చెప్తే ఎందుకు రారు? కబుర్ల కోసమే వచ్చేవాళ్ళు సగం మంది.”

తను ఏమని పిలిచిందో ఆమెకు తెలియలేదు. మునికి తెలిసింది. నోరు తెరిచి, అల్లుడి మొహం చూసి మళ్ళీ మూసుకున్నాడు. అల్లుడు కీబోర్డు దగ్గరికి లాక్కుని, “సరే, ‘ఇప్పుడే వస్తాం’. కింద చిన్న అక్షరాల్లో టైము కూడా వేస్తాను. దానికి ఒప్పుకోకపోతే మాత్రం నేను ఊరుకోను” అన్నాడు.

“ఎంత చిన్న అక్షరాలు?” అని ఆమె తెర మీదికి వంగింది.

ఆ చిన్న అక్షరాలు ఎంత చిన్నవో తేలేసరికి మూడు దాటింది. అప్పుడు గానీ అత్తగారికి కొట్టు గుర్తు రాలేదు. గబగబా మెట్లు దిగి వెళ్ళేసరికి మూసిన తలుపు ముందు ఆరుగురు నిలబడి, దర్జీ చెప్పే కబుర్లు వింటున్నారు.